పల్చటి గంతలు

"ఒక్క గంటసేపు కళ్ళకు గంతలు కట్టుకున్నవాడికే లోకమంతా స్పష్టంగా కనబడుతుంది!"

ఈ మాట అన్నది ఏ మహానుభావుడో అనుకునేరు. అన్నది చూపులేని పిల్లల బడులన్నిటికీ పైఅధికారి. అని ఊరుకోలేదు, సర్క్యులర్ కూడా వేశారు. సర్క్యులర్ వేయడమంటే ఆయనకు తుమ్ము లాంటిది, వచ్చిందంటే ఆగదు. అందుకే బళ్ళో అందరూ ఆయన్ను చాటుగా సర్క్యులర్ గారు అంటారు. కిందటి ఏడాది వేసిన సర్క్యులర్ ప్రకారం హెడ్మాస్టరు గది తలుపు మీద బ్రెయిలీలో ఒక బోర్డు వెలిసింది. పిల్లల వేళ్ళు తగిలి మాసిపోతుందని దానికి అద్దం బిగించారు!

కొత్త సర్క్యులర్ సంగతి ఇది. వచ్చే గురువారం బళ్ళో సహానుభూతి దినం. పెద్దలందరూ గంతలు కట్టుకుని నడవాలి, తినాలి, తర్వాత మైకు ముందు తమ అనుభవం చెప్పాలి. అన్నిటికంటే కింద, చీమల బారులాంటి అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది. స్పెషల్ టీచర్ పోస్టు ఉంచాలో పీకేయాలో అధికారి గారు ఆ రోజే తేలుస్తారట.

ఆ బడికంతా స్పెషల్ టీచర్ ఒక్కతే. పిల్లల వేళ్ళకు బ్రెయిలీ చుక్కలు పరిచయం చేసేది ఆవిడ. అట్ట మీద దారం అంటించి, ఇదిగో త్రిభుజం అని తడిమి చూపించేది ఆవిడ. కాస్తో కూస్తో చూపున్న పిల్లలకు పాఠాలు లావాటి అక్షరాలతో రాసిపెట్టేది ఆవిడ. చేతికి తెల్లకర్ర ఇచ్చి, గేటు దాటించి, బండి ఎటునుంచి వస్తోందో చెవితో పట్టుకోవడం నేర్పేదీ ఆవిడే.

ఇప్పుడు ఆ రోడ్డు పాఠం నేర్చుకుంటున్నది పై తరగతి అమ్మాయి. నిద్రలో తప్ప నోరు మూయదు గనుక అందరూ వాగుడుకాయ అంటారు. ఆ పిల్లకు కాలేజీలో సీటొచ్చింది. కాలేజీ ఉన్నది పెద్ద రోడ్డుకు అవతల. "నువ్వు ఒంటరిగా రోడ్డు దాటి చూపిస్తే కాలేజీ, లేదంటే ఇల్లు" అని తండ్రి ఖండితంగా చెప్పేశాడు.

"టీచర్, మీ పోస్టు పోతే నన్ను దాటించేదెవరు?" అంది వాగుడుకాయ.

"నేను దాటించడమేమిటే? దాటేది నువ్వు. నేను పక్కన నడుస్తాను, అంతే."

"సగమే కదా నేర్పారు! సగం రోడ్డు మీద నన్ను నిలబెట్టి వెళ్ళిపోతారా?"

టీచరు ఆ పిల్ల చేతిలో తెల్లకర్ర సరిచేసి, మళ్ళీ గేటు వైపు నడిపించింది.

హెడ్మాస్టరు గారి బెంగ వేరు.

"టీచరమ్మా, గంతలు కట్టుకున్నాక పెద్దవాళ్ళు పడితే?"

"ముందుగా ఎలా నడవాలో నేను నేర్పుతాను సార్. పడరు."

"పెద్దవాళ్ళకు నేర్పుతావా! అమ్మా, నేర్చుకోవలసిన అవసరం ఉంటే వాళ్ళు పెద్దవాళ్ళెందుకవుతారు?"

ఆయన ఆ సాయంత్రమే దర్జీ కొట్టుకు పరిగెత్తారు.

"గంతలు కుట్టాలోయ్. చూసేవాళ్ళకు చీకటిలా ఉండాలి, కట్టుకున్నవాళ్ళకు వెన్నెలలా ఉండాలి. అర్థమైందా?"

దర్జీ బుర్ర గోక్కున్నాడు. "నల్ల దోమతెర గుడ్డ మిగిలింది సార్. దోమ దూరదు, చూపు దూరుతుంది."

"భేష్! ఈ సంగతి నీకూ నాకూ మధ్యే ఉండాలి సుమా."

గురువారం రానే వచ్చింది. సర్క్యులర్ గారు వచ్చారు. మహిళా సంఘం అధ్యక్షురాలు వచ్చారు. బడికి గోడ కట్టిన కంట్రాక్టరు వచ్చాడు. ఆయన కట్టిన గోడ అంతకు ముందే పడిపోయింది గానీ, ఆయన మాత్రం ధీమాగా నిలబడే ఉన్నాడు. టీచరు కూడా గంత కట్టుకోవాలని అధికారి గారు ఆజ్ఞాపించారు. హెడ్మాస్టరు ఒక గంత అందించబోతే, "నాది నాకుందండీ" అని టీచరు తన సంచిలోంచి తీసింది. అది శిక్షణ రోజుల నాటిది. రెండు పొరల మందపాటి గుడ్డ, మధ్యలో దూది. దాంట్లోంచి సూర్యుడు కూడా కనబడడు.

పిల్లలంతా హాల్లో గోడవారగా బెంచీల మీద కూర్చున్నారు. అందరికీ గంతలు పడ్డాయి. మనకు పడలేదు గనుక మనం చూద్దాం.

సర్క్యులర్ గారికి హాలంతా కనబడింది. పైనున్న ఫ్యాన్లూ, వాటి మీద దుమ్మూ కూడా కనబడ్డాయి. "అరెరే, నా గంతే పాడైనట్టుందే!" అనుకున్నారు. పక్కకు చూస్తే అధ్యక్షురాలు చేతులు చాచి గాలిని తడుముతున్నారు. "పాపం, ఈవిడకు నిజంగానే కనబడటం లేదు" అని జాలిపడి తానూ గాలిని తడమసాగారు. ఆయన తడుముతుంటే చూసి అధ్యక్షురాలూ అలాగే జాలిపడ్డారు. ఇద్దరినీ చూసి కంట్రాక్టరు జాలిపడ్డాడు. ఎవరి నాటకం వాళ్ళకు తెలుసు, పక్కవాడిది మాత్రం నిజం!

"అబ్బబ్బ, ఎంత చీకటి! ఎంత చీకటి!" అంటూ సర్క్యులర్ గారు దారిలో అడ్డంగా పెట్టిన బకెట్టును చక్కగా చుట్టి వెళ్ళారు. "దారెటో తెలియడం లేదర్రా!" అంటూ కంట్రాక్టరు తడి నేల రాగానే ప్యాంటు పైకెత్తుకున్నాడు. అధ్యక్షురాలు కిటికీ అద్దం దగ్గర ఆగి, "భగవంతుడా, ఏమీ కానరాదే" అని వాపోతూ చెదిరిన జుట్టు సర్దుకున్నారు.

ఢాం!

బకెట్టును తన్నింది టీచరు. ఆవిడకు చెవులు దారి చూపించాలి. ఇంతమంది చీకటి చీకటి అని అరుస్తుంటే చెవులు మాత్రం ఏం చేస్తాయి?

తర్వాత ఫలహారం. ప్లేటును గడియారం అనుకోమని టీచరు అందరికీ చెప్పింది. "పన్నెండు దగ్గర కేకు, మూడు దగ్గర బిస్కెట్లు, ఆరు దగ్గర పండు ముక్కలు. గ్లాసు కుడిచేతి వైపు ఉంటుందండీ."

సర్క్యులర్ గారి పన్నెండు కంటే అధ్యక్షురాలి పన్నెండు పెద్దదిగా ఉంది. పైన ఎర్రటి పండు కూడా ఉంది. ఆయన అటూ ఇటూ చూశారు. అందరూ గంతల్లో ఉన్నారు! చెయ్యి మెల్లగా వెళ్ళింది, కేకు మెల్లగా వచ్చింది. అధ్యక్షురాలు నోరు తెరిచారు. కనబడనివాళ్ళు ఏమని అరుస్తారు? నోరు మూసుకుని, ఆయన జ్యూసు గ్లాసును చేతికందని దూరానికి జరిపి పగ తీర్చుకున్నారు. కంట్రాక్టరు ఫోను చూసుకోవడానికి చోటు చాలక తన గ్లాసును టీచరు ఎడమ పక్కకు తోశాడు. అక్కడ గ్లాసు ఉంటుందని టీచరు కలగన్నదా! మోచెయ్యి తగిలి జ్యూసంతా ఆవిడ ఒళ్ళో పడింది.

ఇంతలో బెంచీల మీద పిల్లలకు అనుమానం వచ్చింది.

"ఒక్క చెంచా కూడా కింద పడలేదేమిటర్రా? పడ్డ ఒక్క గ్లాసూ మన టీచర్ దగ్గరే!" అంది వాగుడుకాయ గుసగుసగా. "రండి, చెయ్యి ఆట ఆడదాం."

బడికి కొత్త మనిషి ఎవరొచ్చినా పిల్లలు ఆడే ఆట అది. ఎదుట నిలబడి, ఉలుకూ పలుకూ లేకుండా చెయ్యి చాపాలి. చూపున్నవాడు పట్టుకుంటాడు. లేనివాడికి అక్కడ చెయ్యి ఉందనే తెలియదు. వాగుడుకాయ జన్మలో మొదటిసారి నోరు మూసుకుని సర్క్యులర్ గారి ముందు చెయ్యి చాపింది. ఆయన టక్కున పట్టుకుని ఊపి, "శుభం తల్లీ, శుభం!" అన్నారు. బుడ్డోడొకడు కంట్రాక్టరు ముందు, ఇంకొకత్తి అధ్యక్షురాలి ముందు చేతులు చాపారు. అన్ని చేతులూ ఊగాయి! పిల్లలు నోళ్ళకు గుడ్డలు అడ్డం పెట్టుకుని, నవ్వుతో మెలికలు తిరుగుతూ బెంచీల మీదికి చేరారు.

గంతలు విప్పారు. అధ్యక్షురాలు మైకు ముందు కళ్ళొత్తుకున్నారు. "ఆ గంటసేపు నాకు అంతా అంధకారం. నా గుండె తరుక్కుపోయింది!" అందరూ చప్పట్లు కొట్టారు.

సర్క్యులర్ గారు లేచారు. "నేను దేనికైనా తగిలానా? లేదు! ఒక్క చుక్క ఒలకబోశానా? లేదు! నాకు శిక్షణ ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు! ఇక స్పెషల్ టీచర్ గారిని చూడండి. బకెట్టును తన్నారు, బట్టలు తడుపుకున్నారు. నేర్పేవారికే రాని విద్య పిల్లలకెలా వస్తుంది? నేర్పకుండానే నాకొచ్చిన విద్యకు టీచరెందుకు? కాబట్టి ఆ పోస్టు రద్దు చేస్తున్నాను!"

టీచరు తడిసిన బట్టలు పిండుకుంటూ ఆ మాటలే మళ్ళీ తలచుకుంది. ఆయన చెప్పినదాంట్లో తప్పెక్కడుందో ఆవిడకే తోచలేదు. ఇన్నేళ్ళూ తను నేర్పింది విద్యేనా అని కూడా ఒక్క క్షణం సందేహం వచ్చింది.

"సార్!" అంటూ వాగుడుకాయ లేచింది. "పోస్టు రద్దు చేయకండి సార్, మీరే చేరిపోండి! నేను మాట్లాడలేదు, చప్పుడు చేయలేదు, ఊరికే చెయ్యి చాపాను. మీరు పట్టుకున్నారు! పైగా తల్లీ అన్నారు, ఆడపిల్లనని కూడా తెలిసిపోయింది! ఈ విద్య మా టీచర్ ఒక్కరోజైనా నేర్పలేదు సార్!"

"నా చెయ్యి కంట్రాక్టరు గారు పట్టుకున్నారు!"

"నా చెయ్యి అధ్యక్షురాలమ్మ!"

సర్క్యులర్ గారు మైకు దగ్గరికి లాక్కున్నారు. "అది... అది అంతర్దృష్టి!"

అధ్యక్షురాలు కుర్చీలోంచి ఎగిరి లేచారు. "అంతర్దృష్టా! అయితే నా కేకు చూసే తీశారన్నమాట! చెయ్యి పొరపాటున పడిందేమో, పాపం అనుకున్నాను!"

"కేకు పోయినట్టు మీకెలా తెలిసిందమ్మా?" అన్నాడు కంట్రాక్టరు.

"ఎలాగేమిటి, కనబడి..." ఆవిడ మాట సగంలో తెగింది.

"ఆ, అదీ!" సర్క్యులర్ గారు బల్ల గుద్దారు. "నా గ్లాసు జరిపింది ఈవిడే! నేను కళ్ళారా చూశాను!" అనేసి రెండు చేతులతో నోరు మూసుకున్నారు.

కంట్రాక్టరుకు నవ్వు ఆగలేదు. "ఇద్దరూ దొరికారు! ఈయన చెయ్యి కేకు మీదికి పాకడం, ఆవిడ అద్దంలో సింగారించుకోవడం చూసి నేను నవ్వాపుకోలేక చచ్చాననుకోండి!"

హాలంతా ఆయన వైపు తిరిగింది.

"...అని ఎవరో అంటుంటే విన్నాను," అన్నాడాయన.

"నా తప్పేం లేదండీ!" ఎవరూ అడగకుండానే హెడ్మాస్టరు చేతులు జోడించారు. "దోమ దూరదన్నాడే గానీ, ఇంతమందికి ఇంత బాగా కనబడుతుందని దర్జీ చెప్పలేదు!"

సర్క్యులర్ గారు పరువు నిలబెట్టుకోవాలని టీచరు గంత లాక్కున్నారు. "గంత ఏదైతేనేం, చూడండి!" అని కట్టుకుని గబగబా రెండడుగులు వేశారు. మైకు స్టాండు పడింది. ఆయన దాని మీద పడ్డారు. ఎటు లేవాలో తెలియక బల్ల కిందికి దూరారు.

వాగుడుకాయ కర్ర నేలకు తట్టుకుంటూ వెళ్ళింది. "సార్, నా చెయ్యి పట్టుకు లాగకండి, ఇద్దరం పడతాం. మోచెయ్యి పట్టుకుని నా వెనకే రండి. ఇది మాత్రం మా టీచర్ నేర్పారు."

కుర్చీలో కూర్చున్నాక ఆయన గంత విప్పి, టీచరును పక్కకు పిలిచారు. గొంతు బాగా తగ్గింది.

"చూడమ్మా, పోస్టు ఉంటుంది. ఇదిగో, ఇప్పుడే సంతకం పెడుతున్నాను. బయట విలేకరులున్నారు. ఎవరైనా గంతల్లోంచి చూశారా అని అడిగితే మాత్రం..."

"ఎవరు చూశారో నాకేం తెలుసండీ?" అంది టీచరు నిజాయితీగా. "నాకేమీ కనబడలేదు."

సంతకం పడింది. వాగుడుకాయకు మిగతా సగం రోడ్డు దక్కింది. అయినా సర్క్యులర్ గారి బెదురు తీరలేదు. బెంచీల వైపు చూసి దగ్గారు.

"మరి... ఈ పిల్లలో?"

హాలు పైకప్పు ఎగిరిపోయేలా పిల్లలందరూ ఒక్కసారిగా అరిచారు:

"మాక్కూడా ఏమీ కనబడలేదండీ!"