మూడంకాల పరిశోధన

ఆ రోజు లెక్చరర్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. రెండు క్లాసులు చెప్పేసి, పెందలాడే ఇంటికొచ్చి, భార్యతో కలిసి హాలు కిటికీలకు కర్టెన్లు కొనాలి. "పేపరు పని కానీ, చూద్దాం" అంటూ వాయిదా వేస్తూ వచ్చిన కర్టెన్లవి. పేపరు పంపేశాడు కాబట్టి ఇక తప్పించుకునే దారి లేదు.

అతను చెప్పే పాఠం ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్. అంటే, ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాక మనుషులు వాటితో ఎలా వేగుతున్నారో తేల్చే శాస్త్రం. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. ఆ ఏడాది జరిగే పెద్ద సదస్సువాళ్ళు అతని పరిశోధన పేపరు ఒక్కటి తీసుకుంటే ఉంటుంది, లేకపోతే ఊడుతుంది. ఒకే తరహా పేపర్లు చదివి చదివి సదస్సువాళ్ళకే విసుగెత్తిందేమో, ఈసారి "మూస తప్పిన పరిశోధనలు" అని ఒక విభాగం పెట్టారు. కథ రాయండి, బొమ్మలు గీయండి, ఏదైనా సరే, అందులో విషయముంటే చాలన్నారు.

"నాటకం రాయండి," అంది భార్య. ఆవిడ పళ్ళ డాక్టరు. "మీ మామూలు పేపర్లు నా పేషెంట్లకి చదివి వినిపిస్తే మత్తు ఇంజెక్షన్ల ఖర్చు మిగులుతుంది."

అలా పుట్టింది మూడంకాల నాటకం. ఓ గోడౌనులోకి కొత్త సాఫ్ట్‌వేర్ వస్తుంది. అక్కడి మేనేజరు ప్రతి ఈమెయిలునూ ప్రింటు తీసి, దానిమీద పెన్నుతో జవాబు రాసి, ఆ కాగితాన్ని స్కాన్ చేసి పంపిస్తుంటాడు. నిజానికి ఆ పని చేసేది లెక్చరర్‌కు పైనున్న హెడ్డుగారు. డిపార్ట్‌మెంటంతా చాటుగా ప్రింటు మాస్టారని పిలుచుకునే ఆ పెద్దమనిషిని ఎవరూ పోల్చుకోకూడదని, లెక్చరర్ ఆయనకు మీసాలు పెట్టి గోడౌనుకు బదిలీ చేశాడు. పేపరు మీద రచయిత పేరు ఉండకూడదు, రచయిత ఎవరో బయటపడితే పేపరు చెత్తబుట్టకే. అది సదస్సు నియమం.

మొదటి క్లాసు అవగానే ప్రింటు మాస్టారి నుంచి కబురొచ్చింది.

"రావోయ్, కూర్చో. కుర్చీలో కాగితాలు నీ ఒళ్ళో పెట్టుకో," అన్నారాయన. "ఆ సదస్సువాళ్ళు ఇదేదో తీసుకోవచ్చో లేదో రివ్యూ రాసి చెప్పమని నాకు పంపారు. నాకెక్కడ తీరుతుంది? నువ్వు రాసిపెట్టు, నేను పంపిస్తాను."

బల్ల మీదున్నది లెక్చరర్ రాసిన నాటకమే.

"ఇందులో ఒకడున్నాడు చూడూ..." మాస్టారికి నవ్వు ఆగలేదు. "ఈమెయిలు ప్రింటు తీసి, దానిమీద రాసి, మళ్ళీ స్కాన్ చేస్తాడు! ఇలాంటివాళ్ళు ఎక్కడైనా ఉంటారంటావా?"

"ఉండరేమో సార్."

"అదీ! నేనూ అదే అనుకున్నా." మాస్టారు ఎర్ర పెన్ను తీసి మార్జిన్‌లో 'అసహజం' అని రాశారు. "ఈ పేజీ స్కాన్ చేసి నీకు పంపుతాలే."

"నాకు నాటకాలు తెలీవు సార్."

"నాకు మాత్రం తెలుసా? అవతలివాడి తప్పులు చూస్తే మనవి తెలుస్తాయి. ఇంతకీ నువ్వు పంపిన పేపరు దేనిమీదోయ్?"

పొద్దుట్నుంచి బుర్రలో ఉన్నదే నోట్లోంచి ఊడిపడింది. "కర్టెన్ల మీద సార్. అంటే... కర్టెన్ల కొనుగోళ్ళలో సమాచారం పాత్ర."

"భేష్! ఎవరికీ తట్టని విషయం," అని మాస్టారు భుజం తట్టారు.

ఆ సాయంత్రం కర్టెన్ల ప్రయాణం మళ్ళీ ఆగిపోయింది.

"బ్రహ్మాండంగా ఉందని రాసి పడెయ్యండి. తన పేపరుకి తనే మార్కులేసుకునే అదృష్టం ఎవరికొస్తుంది?" అంది భార్య.

"అది మోసం కదే."

"అయితే మాస్టారికి నిజం చెప్పెయ్యండి."

"చెబితే పేపరు పోతుంది. ఆ మేనేజరు తనేనని తెలిస్తే ఆయన మనసు కూడా విరిగిపోతుంది."

రెండు మెచ్చుకోళ్ళు, రెండు తప్పులు రాసి సరిపెడదామని కూర్చున్నాడు. మెచ్చుకోళ్ళ దగ్గర తనకే సిగ్గేసింది. తప్పుల దగ్గర మాత్రం చెయ్యి ఆగలేదు. భార్య కూడా వంటింట్లోంచి సాయం చేసింది. "రెండో అంకం సాగదీశారు. మాట్లాడేటప్పుడూ మీరంతే. ఎదుటివాళ్ళు చెప్పేది వినరు, అది కూడా రాయండి." రాశాడు. పెళ్ళయినప్పట్నుంచీ ఆవిడ దాచుకున్నవన్నీ ఒకటొకటిగా రివ్యూలోకి చేరాయి.

చివరి పేరా మాత్రం తన సొంతం. "ఈ రచయిత మేనేజరును వెక్కిరించాడే తప్ప, ఆయన ఎందుకు ప్రింట్లు తీస్తాడో అడిగిన పాపాన పోలేదు. సర్వర్ పడిపోయిన ప్రతిసారీ అందరూ పరిగెత్తేది ఆయన కాగితాల దగ్గరికే." ఉద్యోగంలో చేరిన రోజు నుంచి తనను వెనకేసుకొచ్చింది ఆ మాస్టారే. ఆయనంటే తనకు ప్రాణం.

మాస్టారు రివ్యూను ప్రింటు తీసి, చదివి, "గట్టిగానే వాయించావోయ్" అని సంతకం పెట్టి, స్కాన్ చేసి పంపేశారు.

ఫలితాలొచ్చాయి. ఇద్దరు రివ్యూయర్లు నాటకం బాగుందన్నారు. మూడో రివ్యూ దాన్ని నిలువునా ముంచింది.

"కర్టెన్ల పేపరు ఏమైందోయ్?" అన్నారు మాస్టారు.

"తిరిగొచ్చింది సార్."

"ఎవడోయ్ ఆ కసాయి? రివ్యూ చూపించు, ఆ సదస్సు కమిటీవాళ్ళని ఉతికి ఆరేస్తాను. ఫోన్లో కాదు, ప్రింటు తియ్యి."

తీశాడు. నాలుగు లైన్లు చదివేసరికి మాస్టారి మొహం మారిపోయింది.

"ఇది నేను పంపిన రివ్యూ కదూ?"

"అవును సార్."

"అంటే నువ్వు రాసిందే."

"అవును సార్."

"మరి కర్టెన్లు?"

"ఇంకా కొనలేదు సార్."

మాస్టారు గదంతా కలియజూశారు. బీరువా మీది కాగితాలు, కిటికీలోని కాగితాలు, చివరికి ప్రింటరు. "నాకు మీసాలెందుకు పెట్టావోయ్?"

"గుర్తుపట్టకూడదని సార్."

"పట్టలేదు," అన్నారు మాస్టారు నిజాయితీగా. చివరి పేరా మళ్ళీ చదివి కళ్ళజోడు తీశారు. "ఈ ముక్క నాటకంలో ఎందుకు పెట్టలేదు?"

"రివ్యూ రాసేదాకా నాకే తెలీలేదు సార్."

మాస్టారు పెన్ను తీశారు. జరిగిందంతా, రివ్యూ వేరేవాళ్ళ చేత రాయించిన తన తప్పుతో సహా, స్వహస్తాలతో కాగితం మీద పెట్టి కమిటీకి స్కాన్ చేసి పంపారు. లెక్చరర్ తన సొరుగు ఖాళీ చేసుకోవడం మొదలుపెట్టాడు. పేపరు ఎలాగూ లేదు, ఇప్పుడు పరువు కూడా పోయింది.

సొరుగు సగం ఖాళీ అయ్యేసరికి మాస్టారు ఓ ప్రింటు పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చారు. మాస్టారిని ఇకమీదట రివ్యూలకు పిలవబోమని కమిటీ రాసింది. నాటకం అంతంతమాత్రమేనంది. అయితే తన పరిశోధనను తానే ఇంత నిజాయితీగా చీల్చి చెండాడిన మనిషిని ఇంతవరకు చూడలేదనీ, మూస తప్పడమంటే ఇదేననీ, ఆ రివ్యూనే పేపరుగా తీసుకుంటున్నామనీ చెప్పింది. లెక్చరర్ ఉద్యోగం నిలిచింది. మాస్టారు ఆనందం పట్టలేక ఆ ప్రింటుకు ఇంకో రెండు కాపీలు తీశారు.

కమిటీ షరతు ఒక్కటే. రివ్యూ అచ్చువేయాలంటే ఆ నాటకం రాసిన రచయిత రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఇద్దరూ ఒకరే కావచ్చు, కానీ నియమం నియమమే.

తనను అన్నేసి మాటలన్నవాణ్ణి అంత తేలిగ్గా క్షమించలేక, రచయితగారు రెండు రోజులు బెట్టు చేశారు.