పై పొర చాలు

మెత్తటిదాన్ని గట్టిపరచడానికి మానవజాతి ఇంతవరకు నాలుగే మార్గాలు కనిపెట్టింది. కుండకు ఆవం, ఇటుకకు బట్టీ, డిగ్రీ పాసైన కుర్రాడికి అమీర్‌పేట. నాలుగోది నీలం వెలుగు. అది పళ్ల డాక్టర్ల దగ్గర దొరుకుతుంది (కరెంటు ఉంటే).

ఊరంతా జావా నేర్చుకుంటున్న రోజులవి. అమీర్‌పేట నుంచి పంజగుట్టకు పోయే దారిలో, ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నెత్తిమీద డాక్టర్ ఉదయలక్ష్మి గారి పళ్ల ఆసుపత్రి ఉండేది. ఒక ఉదయం అక్కడికి బుచ్చిబాబు నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు. తణుకు నుంచి వచ్చి యూసుఫ్‌గూడలో గది తీసుకున్న కుర్రాడు. దొంగ సాఫ్ట్‌వేర్ సీడీ మీది కవరు పళ్లతో చించబోతే ముందుపన్ను సగం విరిగింది. (సీడీకి ఏమీ కాలేదు. అందులో ఏమీ లేదు కూడా.) మధ్యాహ్నం బేగంపేటలో ఇంటర్వ్యూ. ఇదే ఆఖరుసారని ఇంట్లో మాటిచ్చాడు. ఇదీ పోతే తణుకులో మేనమామ గారి ఎరువుల కొట్టే గతి.

విరిగిన పన్నుకు అతికించే ముద్దది అచ్చం ప్రభుత్వ శాఖ స్వభావం. పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా మెత్తగా కూర్చుంటుంది. ఉత్తర్వంటే నీలం వెలుగు. అది తగలగానే ముద్దలోని పసుపు పొడి ఒకటి మేలుకుని, ఎవరికి వారుగా తిరుగుతున్న అణువుల చేత చేతులు కలిపిస్తుంది. అన్నీ గొలుసు కట్టి రాయిలా బిగుస్తాయి. అయితే ఆ ఉత్తర్వు పైనున్న రెండు మిల్లీమీటర్ల వరకే చెల్లుతుంది, కిందివాళ్లకు అందదు. అందుకని ఒక పొర పెట్టాలి, వెలుగు చూపించాలి, మళ్లీ పొర పెట్టాలి.

ఇదంతా విన్న బుచ్చిబాబు, ఫాస్ట్‌ట్రాక్ లేదా అని అడిగాడు. లేదన్నారు డాక్టరమ్మ.

"పైన గట్టిగా ఉంటే చాలండి. లోపల ఎవరు చూస్తారు?" అన్నాడు. (అతని బయోడేటా కూడా ఈ సూత్రం మీదే తయారైంది.)

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఇన్వర్టర్ లేకపోలేదు. భవన యజమాని నిబంధనల ప్రకారం అది ముందు కింది కంప్యూటర్లకు, తర్వాత ఆయన ఫ్రిజ్‌కు, మిగిలితే మనుషులకు.

"జర ఎండల కూసోబెడదాం మేడం. ఎండల సుత నీలం ఉంటది గద" అన్నాడు కాంపౌండర్ నర్సింహులు.

డాక్టరమ్మకు ఒళ్లు మండింది. ఎండకు పాల మీద మీగడలా పైన కాస్త కడుతుంది గానీ లోపల పచ్చిగానే ఉంటుందని కసిరారు. బుచ్చిబాబు గడియారం చూసుకుని రెండు చేతులూ జోడించాడు. సాయంత్రం వచ్చి అంతా తీయించుకుని, మళ్లీ పొరలు పొరలుగా వేయించుకుంటానని ఒట్టు పెట్టాడు. పాపం అనిపించి, ఆవిడ ముద్దంతా ఒకేసారి పెట్టేశారు.

బుచ్చిబాబు బాల్కనీలో సూర్యుడికి నోరు తెరిచి కూర్చున్నాడు. కాసేపటికి మెట్ల మీద కుర్రాళ్లు వరుసకట్టారు. అమీర్‌పేటలో సంగతి తెలుసుకుని లైన్లో నిలబడే ఆచారం లేదు. ముందు నిలబడతారు, సంగతి ఫీజు కట్టాక తెలుస్తుంది. ఒకమ్మాయి ఇది డెమో క్లాసా అని అడిగితే, ముందున్నవాడు అవునని చెప్పి తనూ ఎండవైపు నోరు తెరిచాడు. నర్సింహులు శాంతిభద్రతల దృష్ట్యా టోకెన్లు ఇచ్చాడు.

ఆ సాయంత్రం బుచ్చిబాబు రాలేదు. వారం తర్వాత వచ్చాడు, ఒక చేతిలో పాలకోవా, రెండో చేతిలో నోటికి అడ్డంగా రుమాలు. ఉద్యోగం వచ్చిందట. ఆ సంతోషంలో కోవా కొరికితే పన్ను లోపలికి దిగబడిందట.

ఇంటర్వ్యూలో ఏం అడిగారన్నారు డాక్టరమ్మ. జావా వచ్చా అన్నారని, వచ్చన్నానని, క్లయింటు ముందు కూర్చోబెట్టాలి, ఒకసారి నవ్వమన్నారని, నవ్వానని చెప్పాడు.

"లోతుగా ఏమీ అడగలేదా?"

"లేదండి. రామ్మోహనరావు గారని, చాలా మర్యాదస్తులు. ఉన్నంతసేపూ నోటికి రుమాలు అడ్డం పెట్టుకునే మాట్లాడారు."

నర్సింహులు కోవా పొట్లం అందుకుంటూ తలూపాడు.

"గాయన మన పేషెంటే మేడం. సాయంత్రం వస్తనని పోయిండు. ఇంకా రాలే."