పెళ్ళికూతురి నాలుగు ముక్కలు

అరబ్బు దేశంలోని కరక్ పట్టణంలో పరువు గల ఒక వంశంవారి పెళ్ళిలో పెళ్ళికూతురు స్వయంగా మైకు పట్టుకుని నాలుగు ముక్కలు మాట్లాడవలెనని కుటుంబ పెద్దల సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ సభకు పెళ్ళికూతుర్ని పిలవలేదు. పిలిస్తే మాట్లాడుతుందేమోననే భయం వల్ల కాదు. కాఫీ అందించే పని మీద ఆమె ఎలాగూ గుమ్మం దాకా వస్తూ పోతూనే ఉంది, వినే ఉంటుందిలెమ్మని.

తీర్మానానికి కారణం చిన్నది కాదు. కిందటి నెలలో పక్క వంశంవారి పిల్ల రాజధాని అమ్మాన్‌లో తన పెళ్ళిలో లేచి నిలబడి మాట్లాడింది. ఆ వీడియో చూడని ఫోను గొర్రెల సంత మొదలుకొని కోట గుమ్మం దాకా ఒక్కటీ లేదు. "వాళ్ళ పిల్లకి నోరుంటే మన పిల్లకి లేదా?" అని పెదనాన్న ఫర్హాన్ గారు గర్జించారు. ఆ పిల్లకి మాటలు వచ్చిన నాటి నుంచీ "నోరు ముయ్యవే" అని ఓపిగ్గా చెబుతూ వచ్చిందీ ఆయనే. పెద్దలన్నాక అన్ని వైపులా చూడాలి మరి.

పిల్ల పేరు రుబా. ఈ సంగతి నేను చెబితే తప్ప మీకు తెలిసే దారి లేదు, ఎందుకంటే శుభలేఖలో వెయ్యలేదు. శుభలేఖలో పెళ్ళికొడుకు యజన్ పేరు బంగారు అక్షరాల్లో ఉంది, అతని తండ్రి పేరుంది, తాత పేరుంది, అద్దెకు తీసుకున్న హాలు పేరుంది. అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి "అబూ సఖర్ గారి గౌరవనీయ కుమార్తె" అని ఉంది. కుర్రకారు గోల పెడితే కాలం మారింది కదా అని పక్కన "ర" అనే ఒక్క అక్షరం వెయ్యడానికి పెద్దలు ఒప్పుకున్నారు. శుభలేఖ అందుకున్నవాళ్ళలో కొందరు రనా అనుకున్నారు, కొందరు రీమ్ అనుకున్నారు. యజన్ ఫోను చేసి, "నేను ర ని చేసుకుంటున్నానట కదా, మిగతా అక్షరాలు పెళ్ళయ్యాక ఇస్తారా?" అని అడిగాడు. రుబా పడీపడీ నవ్వింది. నవ్వాక ఆ శుభలేఖ మళ్ళీ తీసి చూసింది.

ఆ సాయంత్రమే ఆమె తన నాలుగు ముక్కలూ రాసుకుంది. "వచ్చినందుకు సంతోషం. కడుపునిండా తినండి. యజన్ మంచివాడు, నేనూ ఫరవాలేదు. మా అమ్మ నౌఫా లేకపోతే నేనిక్కడ లేను." అంతే. చదవడానికి ఒక ఊపిరి చాలు.

వంటింట్లో తల్లికి చదివి వినిపించింది. తల్లి అప్పుడు ఎండబెట్టిన పెరుగు ఉండల్ని నానబెట్టి చిదుముతోంది. ఆ ఉప్పుకి ఆమె వేళ్ళు ఏనాడో పగుళ్ళు తేలాయి.

"మూడు ముక్కలూ బాగున్నాయే. నాలుగోది తీసెయ్యి."

"అదే కదమ్మా అసలుది!"

"నా పేరెందుకే మధ్యలో? నవ్విపోతారు. సఖర్ వాళ్ళమ్మ అను, అందరికీ తెలుస్తుంది."

అందరికీ తెలుస్తుంది. అక్కడే ఉంది చిక్కు. పెద్ద కొడుకు సఖర్ పుట్టిన నాటి నుంచీ ఆవిడ ఉమ్ము సఖర్, అంటే సఖర్ తల్లి; ఆయన అబూ సఖర్, సఖర్ తండ్రి. భర్త ఫోనులో ఆవిడ నంబరు "ఇల్లు" అని ఉంటుంది. నలుగురిలో ఉన్నప్పుడు మోగితే, "ఇల్లు పిలుస్తోంది" అని లేచి అవతలికి పోతాడు. ఒక్క తలుపు వేసుకున్నాక మాత్రం నెమ్మదిగా "నౌఫా" అని పిలుస్తాడు. చిన్నప్పుడొకసారి గోడ అవతల నుంచి రుబా ఆ పిలుపు విని, నాన్న ఎవరో పరాయి ఆవిడతో మాట్లాడుతున్నాడని హడలిపోయింది.

ఆస్పత్రి సంగతి కూడా చెప్పాలి. రుబా బడికెళ్ళే రోజుల్లో తల్లికి పిత్తాశయంలో రాళ్ళు వచ్చి మెలికలు తిరిగిపోతుంటే పెద్దాస్పత్రికి తీసుకెళ్ళారు. హాలు నిండా మగవాళ్ళు. నర్సు బయటికొచ్చి "నౌఫా! నౌఫా ఎవరు?" అని కేకేసింది. ఎవరిదైతేనేం ఆడపేరే కదా అని పెదనాన్న పైకప్పు చూశారు. నాన్న గోడ మీద "పొగ తాగరాదు" అని రాసున్న ఆ రెండు మాటల్నీ పెద్ద గ్రంథం చదివినట్టు చదవసాగాడు. అంతమందిలో లేస్తే ఆ పేరు తన భార్యదని తెలిసిపోదూ! ఆ తల్లి మాత్రం నలుగురిలో ఆ పేరు విని చాలా ఏళ్ళయిందేమో, కడుపు పట్టుకుని, "ఎవరో పాపం నౌఫా, పలకదేం?" అని అటూ ఇటూ చూసింది. వంతు పోయింది. నొప్పితో ఇంటికొచ్చి మర్నాడు మళ్ళీ వెళ్ళారు. వంశం పరువు మాత్రం ఒక్క రాయి కూడా ఊడకుండా క్షేమంగా ఇల్లు చేరింది.

ఇక ప్రసంగం పరిశీలనార్థం పెద్దల దగ్గరికి వెళ్ళింది. ఫర్హాన్ గారు కళ్ళజోడు పెట్టుకుని నాలుగో ముక్క దగ్గర ఆగారు. "ఈ నౌఫా ఎవరు?"

ఒకే ఇంట్లో ఉంటూ ముప్ఫయ్యేళ్ళు ఆవిడ చేతి అన్నం తిన్న మనిషి ఆయన. మరదలి పేరు తెలుసుకోకపోవడం ఆయన సంస్కారం.

"మా అమ్మ, పెదనాన్నా."

"అలాగా! మంచి పేరే. అందుకే దాన్ని నలుగురి నోళ్ళలో పడెయ్యకూడదు. 'మాతృమూర్తులు' అని పెట్టు. బహువచనంలో అయితే ఎవరికీ ఇబ్బంది ఉండదు."

తరవాత అది అరబ్బీ మాస్టారు జురైస్ గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన తొందరపడి ఏదీ తీసెయ్యలేదు, చేర్చారు. "వచ్చినందుకు సంతోషం" అన్నది మూడు పేజీలయింది. అందులో గుర్రాలు, కత్తులు, కోటను కాపాడిన తాతలు ప్రవేశించారు. "కడుపునిండా తినండి" అనేది తేలిక మాటగా ఉందని కొట్టేశారు. "నేనూ ఫరవాలేదు" అనడం పెళ్ళికూతురికి అహంకారమని తేల్చారు. మాతృమూర్తులు గుర్రాల తరవాత ఎక్కడో ఉన్నారు. అన్న సఖర్ మంచివాడు, గొడవ పడకుండా ఒక్క సవరణే అడిగాడు. పెళ్ళికి వస్తున్న పాషా గారి పేరు నాలుగుచోట్ల రావాలన్నాడు.

పాషా గారంటే దైఫుల్లా పాషా. ఒకప్పుడు మంత్రి. ఏ శాఖకో ఊరంతా మరిచిపోయి చాలా కాలమైంది, ఆయనతో సహా. ఆ జిల్లాలో ఆయన లేకుండా పిల్లనడగడం జరగదు. పెళ్ళికొడుకు తరఫున పెద్దలు మందగా వస్తారు. వాళ్ళ ముందు చేదు కాఫీ పెడతారు. పెద్దాయన కప్పు ముట్టకుండా కింద పెట్టి, "మాకో కోరిక ఉంది, అది తీరేదాకా తాగం" అంటాడు. పిల్ల తరఫు పెద్దాయన "తాగండి, కోరింది ఇచ్చాం" అనాలి. అన్నాడా, ఇక ఆ మాట రాయి మీద చెక్కినట్టే. పాషా గారు ఈ రెండు పాత్రలూ వేస్తారు. ఎవరు ముందు పిలిస్తే ఆ వైపు. రుబాని అడగడానికి వచ్చినప్పుడు ఆయన యజన్ వైపు. ఆ రోజు ఎంత గొప్పగా మాట్లాడారని! "స్త్రీని తలమీద కిరీటంలా పెట్టుకోవడంలో మనల్ని మించిన జాతి ఈ భూమ్మీద లేదు!" అన్నారు. కిరీటాలన్నీ ఆ సమయానికి వంటింటి తలుపు సందులోంచి వింటున్నాయి. మాట్లాడినంత సేపూ "మీ ఇంటి మణి" అన్నారే గాని, పిల్ల పేరేమిటో ఆయన అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

పెళ్ళిరోజు వచ్చింది. హాలుకి నడుమ పూల తెర. ఇటు మగవాళ్ళు, అటు ఆడవాళ్ళు. తెర మనుషులకే గాని లౌడ్‌స్పీకర్లకి కాదు కాబట్టి వినడానికి అడ్డేమీ లేదు. పాషా గారి చేతిలో ఒక మైకు, తెరకి అవతల పెళ్ళికూతురి చేతిలో ఇంకొకటి. పళ్ళేల్లో అన్నం మీద గొర్రెమాంసం, దానిమీద పెరుగు పులుసు పొగలు కక్కుతున్నాయి. ఇంకొక్క ప్రసంగం అయిపోతే చాలు, అందరి చేతులూ అందులోకే.

రుబా ముందు మాస్టారి కాగితాలు. పక్కన మేనత్త పెట్టి వెళ్ళిన కాఫీ కప్పు. తల్లి కోసం చూసింది. వంట తలుపు దగ్గర, చేతిలో గరిటెతో, మంచి బట్టల మీద పాత తువ్వాలు చుట్టుకుని, తన పెళ్ళిపనిలో తానుంది.

రుబా గుర్రాల్ని చదవడం మొదలుపెట్టింది. రెండో గుర్రం దగ్గర ఆగింది. కాగితాలు పక్కన పెట్టింది. కప్పు తీసుకుంది. మళ్ళీ కింద పెట్టేసింది.

"నా ముందు కాఫీ ఉంది," అంది మైకులో. "నాకో కోరిక ఉంది. అది తీరేదాకా తాగను."

తెరకి ఇవతల మగవాళ్ళందరూ అలవాటుకొద్దీ అంగీలు సర్దుకుని నిటారుగా కూర్చున్నారు. పాషా గారు కునుకులో ఉన్నారో మెలకువలో ఉన్నారో, యుద్ధగుర్రానికి బాకా వినిపించినట్టు లేచారు. ఆ మాట వినిపిస్తే ఏమనాలో ఆయన నోటికి తెలుసు, బుర్రని అడగక్కర్లేదు.

"తాగమ్మా! నువ్వు కోరింది ఇచ్చాం!"

చప్పట్లు. అవి ఆగాక రుబా అంది:

"దేవుడు మీ పరువు నిలబెట్టాలి, పాషా గారూ. మా అమ్మ పేరు ఈ మైకులో చెప్పండి. అంతే."

పాషా గారు చిరునవ్వు చెరగకుండా ఫర్హాన్ గారి వైపు వంగారు. మైకు కట్టెయ్యడం మరిచారు. హాలంతా విన్నది.

"ఏమిటయ్యా ఆవిడ పేరు?"

"ఉమ్ము సఖర్."

"అది నాకూ తెలుసు. పేరయ్యా, పేరు!"

"మొన్న చదివాను పాషా గారూ. నేనే కొట్టేశాను. గుర్తు లేదు."

సఖర్ తలవంచుకుని బూట్లు చూసుకున్నాడు. యజన్‌కి తెలుసు, నోరు తెరవబోతే వాళ్ళ నాన్న మోకాలు నొక్కాడు. ఇచ్చిన మాట తిరిగి తీసుకున్న పాషా ఆ జిల్లాలో ఇంతవరకు పుట్టలేదు. పెళ్ళికూతురు కాఫీ ముట్టకుండా పళ్ళెం ముట్టే మగాడూ పుట్టలేదు. పులుసు మీద కొవ్వు పేరుకోసాగింది. వెనక వరసలోంచి ఒక ముసలాయన, "ఎవరో ఒకరు చెప్పండర్రా, మాంసం చల్లారిపోతోంది!" అని మొరపెట్టుకున్నాడు. ఆ హాల్లో సత్యం కోసం తపించినవాడు ఆయనొక్కడే.

అప్పుడు రుబా నాన్న అబూ సఖర్ లేచాడు. మొహం కందగడ్డలా ఉంది. గోడలకేసి చూశాడు, చదవడానికి ఏమైనా దొరుకుతుందేమోనని. పెళ్ళివారి గోడ, పూలు తప్ప ఏమీ లేవు. పాషా గారి చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"నౌఫా," అన్నాడు.

తలుపు వేసుకుని పిలిచే గొంతే అది. లౌడ్‌స్పీకర్లు దాన్ని హాలంతా పరిచాయి.

"ఆఁ, వస్తున్నా!" అని తెర అవతల నుంచి వెంటనే జవాబు వచ్చింది. గరిటెతో సహా ఆవిడ పూల తెర దాకా పరుగెత్తుకొచ్చి తొంగిచూసింది. "ఏం కావాలి?"

"ఏమీ వద్దు," అన్నాడు. మైకు దించడం తెలియక అందులోనే అన్నాడు. "కూర్చో. కాసేపు కూర్చో."

ఆడవాళ్ళ వైపు నాలుకలు ఆడిస్తూ చేసిన మంగళధ్వనులు హాలు కప్పుకి తగిలాయి. రుబా కాఫీ తాగింది. చల్లగా ఉంది, చేదుగా ఉంది, అడుగుదాకా తాగింది. "కడుపునిండా తినండి," అని మైకులో చెప్పి కూర్చుంది.

మర్నాడు పత్రికలో కుటుంబం తరఫున కృతజ్ఞతా ప్రకటన వచ్చింది. ఆడపిల్లకి మాట్లాడే అవకాశమిచ్చిన ఫర్హాన్ గారి విశాల హృదయానికి, ప్రసంగం రచించిన జురైస్ మాస్టారి కలానికి, మాట నిలబెట్టుకున్న పాషా గారికి, ఇంకా "వధువు తల్లిగారికి" ధన్యవాదాలు చెప్పారు. పాషా గారు అప్పటి నుంచీ జాగ్రత్తపడ్డారు. ఇప్పుడు ఎవరు కప్పు కింద పెట్టినా, ఇచ్చాననే ముందు కోరికేమిటో అడుగుతున్నారట. అబూ సఖర్ ఫోనులో మాత్రం ఇల్లు ఇంకా ఇల్లుగానే ఉంది. ఒక్క రోజులో అన్నీ కావు కదా.

ఇదంతా ఎక్కడో కరక్‌లో జరిగిందిలే అని మీరు హాయిగా నవ్వుకుని ఉంటారు. మంచిది, నవ్వండి. మీ ముందు కూడా కాఫీ పెట్టే ఉంటారు, పెట్టిన చేతులు వంటింట్లోకి వెళ్ళిపోయి ఉంటాయి. మీ నాయనమ్మ వాళ్ళమ్మ పేరేమిటో ఒక్కసారి చెప్పి, ఆ తరవాత తాగండి.

తొందరేం లేదు. ఫోను చేసి ఎవర్నైనా అడుగుతారా, అడగండి.