నీళ్ల ట్యాంకు మీద గురి

ఆ ఉదయం ఫొటోల గుమాస్తా వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పదింటికి మూడు కెమెరాలు పరీక్షించాలి. పన్నెండింటికి ఒకటి ఎంచుకోవాలి. ఒంటిగంటకి ఆఫీసరు మేడం చేత సంతకం పెట్టించాలి. ఆ తర్వాత బతికున్నంత కాలం నిచ్చెన ముఖం చూడకూడదు.

కట్టడాల తనిఖీ ఆఫీసులో ఆయనది ముప్పై ఏళ్ల సర్వీసు. బీటలు వారిన పిట్టగోడలకీ, అనుమతి లేకుండా డాబాల మీద లేచిన గదులకీ ఫొటోలు తీసి ఫైల్లో పెట్టడం ఆయన పని. ఆఫీసు కెమెరాకి నాలుగు గజాలు దాటితే ఏదీ ఆనదు. అందుకని నిచ్చెనెక్కాలి. ఎక్కీ ఎక్కీ ఆయన అసలు పేరు అందరూ మర్చిపోయారు. నిచ్చెనగారు అంటేనే పలుకుతాడు. పోయిన నెల ఏడో మెట్టు మీంచి ఇసుక కుప్పలో పడ్డాడు. డాక్టరు మోకాళ్లు నొక్కి చూసి, ఇంకొక్కసారి పడితే వాటి మీద ఆశ వదులుకోమన్నాడు.

"ఇవాళైనా ఆ కెమెరా సంగతి తేల్చుకు రండి," అంది భార్య, గుమ్మంలో గొడుగు అందిస్తూ. "మళ్లీ నిచ్చెనెక్కానని వచ్చారో, నేను కాపడం పెట్టను. వెళ్లి గోడకి చెప్పుకోండి."

తేల్చుకోక తప్పదు. మేడంకి బదిలీ అయింది. రేపు కొత్త ఆఫీసరు వస్తున్నాడు. ఆయన స్వయంగా నిచ్చెనెక్కే రకమనీ, కింద నిలబడి ఫొటో తీసేవాళ్లని సోమరిపోతులంటాడనీ అప్పుడే కబురొచ్చేసింది.

"మూడింటినీ ఒకే చోటినుంచి, ఒకే వస్తువు మీద పరీక్షించండి," అంది మేడం, ఆయన ఆఫీసులో అడుగుపెట్టగానే. "ఒకదానికి చెట్టు, ఇంకోదానికి పుట్ట చూపించి పట్టిక రాసుకొస్తే మాత్రం సంతకం పెట్టను నిచ్చెనగారూ."

అయిదంతస్తులు. లిఫ్టు లేదు. ప్రతి అంతస్తులో ఒకసారి ఆగి, ఇదే ఆఖరిసారని మోకాళ్లకి నచ్చజెప్పుకుంటూ ఆయన డాబా మీదికి చేరేసరికి, షాపునుంచి వచ్చిన అమ్మాయి మూడు కెమెరాలనీ స్టాండ్ల మీద బిగించి సిద్ధంగా ఉంది. పట్టిక రాయడానికి టైపిస్టు కూడా ఫైలు పట్టుకుని నిలబడింది.

"ఇది ముప్పై రెట్లు దగ్గరికి లాగుతుంది అంకుల్. అది నలభై. ఇదిగో, ఇది అరవై. దీంతో చంద్రుడి మీద గుంటలు కూడా లెక్కపెట్టొచ్చు."

"చంద్రుడి మీద అనుమతి లేని గదులు లేవమ్మా. నాకు పిట్టగోడలు చాలు."

వీధి చివర, రెండు వందల మీటర్ల దూరంలో, ఒక మేడ మీద నీలం రంగు నీళ్ల ట్యాంకు కనిపించింది. దాని మీద సన్నని అక్షరాలు. గురి కుదిరింది. నిచ్చెనగారు మొదటి కెమెరాకి కన్ను ఆనించి ట్యాంకు మీది అక్షరాలు గట్టిగా చదివాడు. టైపిస్టు రాసుకుంది.

ఆ ట్యాంకు ఒక గది నెత్తిన కూర్చుని ఉంది. ఆ గది ఏడేళ్ల క్రితం అనుమతి లేకుండా లేచింది. దానికి నాలుగుసార్లు నోటీసులు వెళ్లాయి. నాలుగూ టైపు చేసింది ఈ టైపిస్టే. కానీ ఆమె అడ్రసులు టైపు చేస్తుందే తప్ప ఇళ్లు చూడదు. నిచ్చెనగారి మనసులో ఆ పూట మోకాళ్లు తప్ప మరేమీ లేవు.

ఆ మేడ యజమాని రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఆయన భార్య బట్టలు ఆరేస్తూ తలెత్తి చూసింది. తనిఖీ ఆఫీసు డాబా మీద మూడు స్టాండ్లు. మూర పొడుగు గొట్టాలు మూడు. పక్కన ఒకామె రాసుకుంటోంది.

"ఏవండోయ్! మన గదికి గురిపెట్టారు!"

మాస్టారు రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు. రిటైరై ఎనిమిదేళ్లయినా మెడలో విజిల్ అలాగే ఉంది. ఒక్క చూపు చూసి, తీగ మీద ఆరుతున్న పూల దుప్పటి లాగి ట్యాంకు మీద కప్పేశాడు.

రెండో కెమెరాలో కన్ను పెట్టిన నిచ్చెనగారికి గుండె ఆగినంత పనైంది. "అయ్యయ్యో! దుప్పటి కప్పేశారమ్మా!"

"పోనీ పూలు లెక్కపెట్టండి అంకుల్."

"ఒకదానికి ట్యాంకు, ఇంకోదానికి పూలా? మేడం నన్ను నమిలి మింగేస్తుంది!"

ఆయన పిట్టగోడ దగ్గరికి పరుగెత్తి సైగ చేశాడు. రెండు చేతులూ పైకెత్తాడు. పక్కకి విసిరాడు. మళ్లీ ఎత్తాడు. మళ్లీ విసిరాడు.

ముప్పై ఏళ్లపాటు చేతి సైగలతో మైదానాలు నడిపించిన మనిషి మాస్టారు. చెయ్యి లేస్తే దాని అర్థం ఆయనకి తెలియకుండా పోదు.

"పైనున్నది ఎత్తి పక్కన పారెయ్యమంటున్నాడు," అన్నాడు పాలిపోయిన ముఖంతో.

"దుప్పటేమోనండీ?"

"దుప్పటి కోసం మూడు కెమెరాలు పెడతారుటే, పిచ్చిమొహమా!"

విజిల్ మోగింది. కింది వాటాల్లోవాళ్లు పైకొచ్చారు. ముందు ట్యాంకు దిగింది. తర్వాత గది కప్పు మీది రేకులు ఒక్కొక్కటే లేవడం మొదలైంది.

"ట్యాంకు దించేస్తున్నారు!" నిచ్చెనగారు ఏడుపొక్కటే తక్కువగా అరిచాడు. వద్దు వద్దని రెండు చేతులూ కుడికీ ఎడమకీ బలంగా ఊపాడు.

"అటూ ఇటూ చూపిస్తున్నాడు," అన్నాడు మాస్టారు. "అంటే పక్కిళ్లు కూడానన్నమాట!"

ఈసారి విజిల్ రెండు దిక్కులా మోగింది.

పదకొండున్నరయ్యేసరికి వీధంతా సుత్తుల మోత. ట్యాంకు మీద ఆశ వదులుకుని, నిచ్చెనగారు పక్క డాబా మీది ఎర్ర బోర్డుతో పరీక్ష మళ్లీ మొదలుపెట్టాడు. మొదటి కెమెరాతో చదివాడు. రెండోదాంతో చదివాడు. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి బోర్డు కదిలింది.

"బోర్డు నడిచి వెళ్లిపోతోంది అన్నయ్యగారూ," అంది టైపిస్టు. "గడిలో ఏం రాయమంటారు?"

"నా తలరాత రాయమ్మా."

ముచ్చటగా మూడోసారి ఒక పసుపుపచ్చ రేకుల షెడ్డుకి గురిపెట్టాడు. అదీ కళ్లముందే కూలింది. ఆయన ఎటు చూస్తే అటు ఖాళీ అవుతోంది. పన్నెండున్నరకి ఆ చుట్టుపక్కల చదవడానికి ఒక్క అక్షరం మిగల్లేదు.

అప్పుడు కిందినుంచి కబురొచ్చింది. మేడం రమ్మంటోంది. వీధిలోవాళ్లు పదిమంది వచ్చి కూర్చున్నారట.

ఇళ్లలోకి తొంగి చూశానని ఫిర్యాదు చేసి ఉంటారు, అయిపోయింది, అనుకున్నాడు నిచ్చెనగారు. సంతకం మాట దేవుడెరుగు, ఉద్యోగం ఉంటే చాలు. పట్టిక చంకలో పెట్టుకుని, షాపు అమ్మాయిని వెంటబెట్టుకుని, చెమటలు కక్కుతూ అయిదంతస్తులూ దిగాడు.

మేడం గదిలో మాస్టారు నిటారుగా నిలబడి ఉన్నాడు. వెనకాల పదిమంది, నెత్తినిండా సున్నం.

"అమ్మా, మీవాళ్లు ఇచ్చిన సిగ్నల్ ప్రకారం వీధంతా క్లియర్ చేశాం. కేసులు మాత్రం పెట్టకండి."

మేడం కిటికీలోంచి చూసింది. ఏడేళ్లలో వందకి పైగా నోటీసులు. ఒక్క ఇటుక కదల్లేదు. ఇప్పుడు ఆ చివరనుంచి ఈ చివరదాకా ఆకాశం కనిపిస్తోంది.

"నిచ్చెనగారూ! అసలేం చేశారు మీరు?"

"కెమెరా ఎంచుకుంటున్నాను మేడం."

వచ్చినవాళ్లు దండాలు పెట్టి వెళ్లారు. మేడం ముఖం వెలిగిపోతోంది. ఇదే అదనని నిచ్చెనగారు పట్టిక ముందుకు జరిపాడు. గళ్లన్నీ సగం సగమే నిండి ఉన్నాయి. "తమరు ఒక్క సంతకం పెడితే... ఆ అరవై రెట్లది..."

"ఎన్ని ఫొటోలు తీశారు?"

"ఒక్కటీ లేదండి."

"మరింకేం!" మేడం బల్ల మీద చరిచింది. "ఫొటో తీయకుండానే ఇంత పని జరిగితే, తీసే కెమెరా ఎందుకండీ?" షాపు అమ్మాయి వైపు తిరిగింది. "మీ అద్దాల బీరువాలో అలంకారానికి పెడతారే, ఉత్తుత్తి కెమెరాలు, అవి అమ్ముతారా?"

"అమ్ముతాం మేడం. పేద్ద లెన్సుంటుంది. లోపల గాలి."

ఉత్తర్వు అక్కడికక్కడే తయారైంది. రోజూ పదినుంచి ఒంటిగంటదాకా ఫొటోల గుమాస్తా డాబా మీద ఉత్తుత్తి కెమెరా పక్కన నిలబడి అన్ని దిక్కులకీ చేతులు ఊపాలి. కింద తేదీ వేసి సంతకం చేస్తూ మేడం ఒక్క క్షణం ఆగింది.

"పిట్టగోడ దగ్గరైతే ఒక్క వీధికే కనిపిస్తారు. మెట్లగది కప్పు మీద నిలబడండి, మూడు వీధులకీ కనిపిస్తారు. ఎక్కడానికి నిచ్చెన ఎలాగూ ఉంది." ఆ ముక్క కూడా ఉత్తర్వులో చేరింది.

మర్నాడు వచ్చిన కొత్త ఆఫీసరు ఆ ఉత్తర్వు చదివి, నిచ్చెన అన్న మాట దగ్గర చిరునవ్వు నవ్వి, ఏమీ మార్చలేదు.

నాలుగో రోజు పదకొండింటికి నిచ్చెనగారు మెట్లగది కప్పు మీద, వణికే మోకాళ్ల మీద నిలబడి ఉండగా జేబులో ఫోను మోగింది. షాపు అమ్మాయి.

"అంకుల్, ఏమనుకోకండి. కస్టమర్ల అభిప్రాయం రాసుకోవాలి. గడి ఖాళీగా వదిలితే మా ఓనరు తిడతాడు. జూమ్ ఎలా పనిచేస్తోంది?"

ఆయన కెమెరాకి కన్ను ఆనించాడు. లోపల కటిక చీకటి. కన్ను తీసి చూస్తే, మూడో వీధిలో ఎవరో హడావిడిగా తమ డాబా మీది రేకులు ఊడదీసుకుంటున్నారు.

"మూడు వీధులదాకా పనిచేస్తోందమ్మా," అన్నాడు నిచ్చెనగారు.