జనవరి దాకా ఆగితే

ఆదివారం రెండో కాఫీ అయ్యేలోగా దీవిలో అద్దె ఇల్లు ఖాయం చేసెయ్యాలన్నది ఆ భార్యాభర్తల ఏర్పాటు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఇద్దరూ కలిసి ఊరు దాటి నాలుగు రోజులు గడిపింది లేదు. ఈసారి కొబ్బరిచెట్లూ వెచ్చని సముద్రమూ ఉన్న దీవిలో వారం రోజులు ఉండి రావాల్సిందేనని భార్య పట్టుబట్టింది. ఇల్లు కూడా ఆమే వెతికి పెట్టింది. కర్ర స్తంభాల మీద కట్టిన రెండు గదుల చెక్క ఇల్లు, ముందు వసారా, మెట్లు దిగితే ఇసుక. ఎప్పుడు వెళ్ళాలన్నది మాత్రం భర్తకు వదిలిపెట్టింది. పొరపాటు అక్కడ జరిగింది.

భర్త బీమా కంపెనీలో క్లెయిములు పరిశీలించే ఉద్యోగి. నడి ఎండాకాలంలో కూడా గొడుగు లేనిదే గడప దాటడు కనుక ఆఫీసులో అతన్ని అందరూ గొడుగనే పిలిచేవారు. పద్నాలుగేళ్ళుగా అతని బల్ల మీదికి ఎగిరిపోయిన ఇంటికప్పుల ఫొటోలు, నీళ్ళలో తేలే సోఫాల ఫొటోలు తప్ప మరో రకం ఫొటో వచ్చిన పాపాన పోలేదు. సముద్రమంటే మనం చూడ్డానికి వెళ్ళేది కాదనీ, మనల్ని చూడ్డానికి ఇళ్ళలోకి వచ్చేదనీ అతనికి గట్టి నమ్మకం. అందుకే పెద్ద కాగితం మీద పన్నెండు నెలలకూ గళ్ళు గీసి, తన పాత ఫైళ్ళ తేదీలను బట్టి తుఫాను, ముసురు, ఉప్పెన, కుట్టే చేపలు అని ఒక్కో ప్రమాదానికీ ఎర్ర సిరా నింపుకుంటూ వచ్చాడు. ఆగస్టు గడిలో సిరా ఎక్కువై కాగితం చిరిగింది. చివరికి తెల్లగా మిగిలింది జనవరి రెండో వారం ఒక్కటే. అప్పటికి జులై సగం కూడా కాలేదు.

ఖాయం చేసేముందు తెలిసినవాళ్ళ చేత ఒకమాట అనిపించుకుంటే మంచిదని అతను బాల్కనీలోకి వెళ్ళి ఫోన్ చేశాడు. అవతలి మనిషి వాతావరణ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన. తుఫాన్ల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నాడు. క్లెయిముల విషయంలో బీమా ఆఫీసువాళ్ళు ఆయన్ని అప్పుడప్పుడూ సలహా అడుగుతుంటారు. ఏ దీవి అని పెద్దాయన మొదటే అడిగాడు. పేరు బయటపెడితే ఆ ఇల్లు ఇంకెవరైనా ఎగరేసుకుపోతారేమోనని భయపడి, ఏదో ఒక వేడి దీవి అనుకోమని మాట దాటేశాడు మన గొడుగు.

సరిగ్గా అప్పుడే భార్య తడిబట్టల బకెట్‌తో బాల్కనీ తలుపు దాకా వచ్చింది. ఆమెకు వినపడింది ఒకవైపు మాటలే.

"దాచకుండా చెప్పండి డాక్టరుగారూ. ఆగస్టులో ఎలా ఉంటుంది?" అని అతను అడుగుతున్నాడు. కాసేపు ఆగి, "సెప్టెంబరు ఇంకా ఘోరమా? అంతా పోవడమేనా?" అన్నాడు. మళ్ళీ ఆగి, "అయితే జనవరి దాకా ఎలాగో లాగితే భయం లేదంటారు. మా ఆవిడకి ఇవేవీ చెప్పలేదండి. చెబితే తట్టుకోలేదు," అన్నాడు.

ప్రయాణం మానేయాల్సి వస్తే తట్టుకోలేదని అతని భావం. ఆమె మాత్రం చేతిలోని తువ్వాలు పాదాల మీద నీళ్ళు కారుస్తుంటే అలాగే నిలబడిపోయింది. తర్వాత చప్పుడు చెయ్యకుండా బకెట్ ఎత్తుకుని వెనక్కి వెళ్ళి, స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చింది.

ఆమె రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్. ఏడుపు ఒక పూటే, మర్నాడు పొద్దున పనిలోకి దిగింది. ల్యాబ్‌లో కొత్త మెషీన్ వచ్చిందనీ, దాన్ని సరిచూడ్డానికి మామూలు మనుషుల రక్తం కావాలనీ చెప్పి, భర్త షర్టు తొడుక్కోకముందే నాలుగు గొట్టాల రక్తం తీసుకుంది. పన్నెండేళ్ళుగా ఎన్ని వేల చేతులకు సూది గుచ్చిందో ఆమెకే తెలియదు. ఆ రోజు మాత్రం నరం దొరకడానికి మూడుసార్లు గుచ్చాల్సి వచ్చింది.

సాయంత్రానికి ఫలితాలొచ్చాయి. అన్నీ సరిగ్గా ఉన్నాయి. చక్కెర సరిగ్గా ఉంది, కాలేయం సరిగ్గా ఉంది, కొవ్వు ఆమెకన్నా తక్కువే ఉంది. ఆ కాగితం చూశాక ఆమెకు భయం రెట్టింపయింది. రక్తంలో కూడా దొరకని జబ్బు ఎంత లోపల దాక్కుని ఉండాలి అనుకుంది.

ఇక ఒక్కతే మొయ్యలేక అన్నయ్యకు ఫోన్ చేసింది. అన్నయ్య కార్లు నడపడం నేర్పే స్కూలు నడుపుతాడు. ఎవరికి ఏమైనా తన పక్క సీట్లో కూర్చోబెట్టుకుంటే సర్దుకుంటుందని నమ్మే మనిషి. మర్నాటి నుంచీ రెండు బ్రేకులున్న స్కూలు కారులో చెల్లెలి భర్తను ఆఫీసుకు తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. గంటకు ఇరవై కిలోమీటర్లు దాటనివ్వడు. దిగేటప్పుడు బ్యాగు తనే పట్టుకుని, మూడో అంతస్తు దాకా మోచెయ్యి పట్టుకుని నడిపించాడు. అంతటితో ఊరుకోకుండా మేనేజరు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని పావుగంట మాట్లాడాడు.

మన గొడుగుకు మొదట అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్కటే కలుపుకున్నాడు. రక్తం తీసుకుంది. ఫలితం ఏమైందని అడిగితే బాగుందని చెప్పి కళ్ళు తిప్పుకుంది. ఆమె అన్నయ్య బ్యాగు మోస్తున్నాడు. అయినా గాభరాపడకూడదని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. ఇంతలో మేనేజరు స్వయంగా బల్ల దగ్గరికొచ్చాడు. ఎవరికీ అడిగిన రోజున సెలవిచ్చి ఎరగని మనిషి.

"సెలవు ఎప్పుడు కావాలన్నా తీసుకో. ఎన్ని రోజులైనా సరే. కాగితం కూడా రాయక్కర్లేదు," అని భుజం తట్టి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

అతనికి అప్పుడు తేలిపోయింది. తన రక్తంలో ఏదో బయటపడింది. ఊరందరికీ తెలుసు, తనకు తప్ప. సొరుగు తీసి తన బీమా పత్రం పైకి లాగి, ఎన్నోసార్లు ఇతరులకు చదివి వినిపించిన షరతులను మొదటిసారి తనకోసం చదువుకున్నాడు. అవి ఎంత నిర్దయగా రాసి ఉన్నాయో అప్పుడు తెలిసింది. పెండింగు ఫైళ్ళను పక్క సీటు ఉద్యోగిని బల్ల మీదికి ఒక్కొక్కటే చేర్చాడు. ఆమె అడ్డు చెప్పకుండా తీసుకుంది. అది చూసి ఇంకా భయపడ్డాడు.

ఇంటి దగ్గర భార్య ఇంకో పని చేసింది. జనవరి దాకా ఆగితే ఏమవుతుందో ఎవరికి తెలుసు? కనీసం సముద్రమైనా చూపించాలి. దీవిలో ఇంటి యజమానురాలికి ఫోన్ చేసి, భర్త ఆదివారమే జనవరికి చేసిన బుకింగును ఆగస్టు మూడుకు మార్పించింది. కారణం గొంతు తగ్గించి చెప్పింది. ఆ రోజుల్లో అక్కడ వానో ఎండో అడగాలన్న ఆలోచన కూడా ఆమెకు రాలేదు. యజమానురాలిది మెత్తని మనసు. వెంటనే అతనికి నేరుగా కబురు పంపింది. మీ పరిస్థితి తెలిసి బాధపడ్డామనీ, ఆగస్టు మూడుకల్లా ఇల్లు సిద్ధంగా ఉంటుందనీ, మెట్ల దగ్గర పట్టుకోవడానికి తాడు కట్టిస్తున్నామనీ అందులో ఉంది.

ఆగస్టు! కాగితం చిరిగిన నెల. తన భార్య తెలిసి తెలిసి ఆగస్టు ఎంచుకుందంటే, తనకు జనవరి లేదన్నమాట. మధ్యాహ్నం రెండింటికి, ఎవరికీ చెప్పకుండా, గొడుగు కూడా మరిచిపోయి నడుచుకుంటూ ఇంటికొచ్చాడు.

వంటింట్లో అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకుంటూ అతన్ని చూసి ఆపేశారు. అతను కుర్చీ లాక్కుని కూర్చుని, చేతులు బల్ల మీద పెట్టాడు.

"ఎన్నాళ్ళుంది? నేను తట్టుకుంటాను. చెప్పు," అన్నాడు.

"అది మీరే చెప్పాలి. డాక్టరుతో మీరు మాట్లాడిందంతా విన్నాను. నాకెందుకు దాచారు?" అంది ఆమె. ఇన్నాళ్ళూ బిగబట్టినదంతా ఆ మాటతో బయటికొచ్చింది.

"ఏ డాక్టరు?"

"జనవరి దాకా లాగితే భయం లేదన్న డాక్టరు."

అతను ఫోన్ తీసి, ఆ డాక్టరుకే చేసి, అందరికీ వినపడేట్టు బల్ల మధ్యలో పెట్టాడు. తన భర్తకు జబ్బేమిటని ఆమె అడిగింది.

"నేను తుఫాన్ల డాక్టర్నమ్మా," అన్నాడు పెద్దాయన. "మనుషుల సంగతి నాకు తెలియదు."

అన్నయ్య లేచి వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు. భార్య మాత్రం భర్త చెయ్యి పట్టుకుని, సూది గుచ్చిన చోట వేలితో నిమురుతూ, తిట్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి తిట్టింది.

ఫోన్ పెట్టేయబోతుంటే పెద్దాయన ఆపాడు. ఇంత జరిగాక అయినా ఆ దీవి పేరు చెప్పమన్నాడు. ఇక దాచడానికి ఏమీ మిగలక అతను చెప్పాడు. అవతల అట్లాసు పేజీలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"అది భూమధ్యరేఖకి కింద ఉంది కదయ్యా. నువ్వు అడిగింది పైవాటి సంగతి అనుకుని చెప్పాను. కింద కాలాలన్నీ తలకిందులు. జనవరిలో వెళ్ళి ఉంటే ఇంటికప్పు మీకన్నా ముందు బయల్దేరేది. వెళితే ఆగస్టులోనే వెళ్ళాలి. ఇంత సరైన వారం ఎవరు ఎంచారు?"

మేనేజరు ఇచ్చిన సెలవును వెనక్కి తీసుకునేలోపే ఆగస్టు రెండున భార్యాభర్తలు బయల్దేరారు. అక్కడ వారమంతా ఆకాశం కడిగిన అద్దంలా ఉంది.

భయంతో ఎంచిన తేదీయే కలిసొచ్చింది కనుక వచ్చే ఏడాది సెలవుల తేదీలు ఖాయం చేసే పని భార్యకే అప్పగించారు. ఆమె ఇంకా దేనికీ భయపడకపోవడంతో అది ముందుకు సాగడం లేదు.