మంత్రిగారు నడిమికి వచ్చిన విధం

మన రాష్ట్రానికున్న కష్టాలన్నిటికీ మూలకారణం దొరికిందని మంత్రిగారు ప్రకటించినప్పుడు నేను ఆయన పక్కనే ఉన్నాను. ఆయన సొంత ఊళ్ళోని క్యాంపు ఆఫీసులో స్టెనోని కాబట్టి అలాంటి అదృష్టాలు నాకు తరచూ పడుతుంటాయి.

"ఎగువ ప్రాంతం అంటాం, దిగువ ప్రాంతం అంటాం, నడిమి ప్రాంతం అంటాం. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ చెప్పలేదు. తన హద్దు తనకే తెలియని మనిషి అభివృద్ధి ఎలా చెందుతాడు?" అని ఆయన విలేకరులని అడిగారు. వాళ్ళలో ఎవరికీ జవాబు తెలియలేదు. అందుకని రాసుకున్నారు.

నిజానికి ఆ పేర్లు ఏ చట్టంలోనూ లేవు. జనం నోటి మాటలంతే. కానీ మన దగ్గర పదవులూ పోస్టింగులూ ఆ మాటల మీదే నడుస్తాయి. నా సంసారమే చూడండి. నా భార్య నర్సు. ఆవిడ ఆసుపత్రి దిగువలో ఉంది, నా ఆఫీసు ఎగువలో ఉంది. ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి బదిలీ చేయకూడదన్నది ఎక్కడా రాయని, ఎవరూ తప్పని రూలు. మా అమ్మాయికి తల్లి అంటే శనివారం బస్సు దిగి, ఆదివారం బస్సెక్కే మనిషి.

మంత్రిగారికి ఉన్నట్టుండి హద్దుల మీద బెంగ ఎందుకు పుట్టిందంటే, ముందురోజు రాజధాని నుంచి ఫోను వచ్చింది. ఉపముఖ్యమంత్రి పదవి ఈసారి నడిమి ప్రాంతానికి ఇవ్వాలని ముఖ్యమంత్రిగారి ఆలోచనట. మా మంత్రిగారు తాతల నాటి నుంచీ ఎగువవారు. 'ఎగువ ముద్దుబిడ్డ' అన్న బిరుదు తగిలించుకునే ప్రతి ఎన్నికా గెలిచారు. ఫోను పెట్టేశాక కాసేపు కిటికీలోంచి ఊరిని చూశారు.

"ఈ ఊరు నాకెప్పుడూ కాస్త నడిమిగానే అనిపించేదయ్యా," అన్నారు.

చిన్ననాటి నుంచీ గుండెల్లో దాచుకున్న మాట అలా బయటపడేసరికి నాకు కళ్ళు చెమర్చాయి.

వెంటనే కమిటీ వేశారు. భాష మీద లావుపాటి పుస్తకాలు రాసి రిటైరైన ప్రొఫెసరుగారు, కాలవలు తవ్వించి రిటైరైన ఇంజినీరుగారు, పార్టీ తరఫున మైకు. మైకు అసలు పేరు ఇంట్లోవాళ్ళకి కూడా గుర్తులేదు. మీటింగు ఎవరిదైనా ముందు మైకు అందుకునేది అతనే.

ప్రొఫెసరుగారు పలుకుబడిని బట్టి గీత గీశారు. మాట చివర సాగదీసేవాళ్ళు ఎగువ, మింగేసేవాళ్ళు దిగువ, సగం సాగదీసి సగం మింగేవాళ్ళు నడిమి అన్నారు. ఇంజినీరుగారు నీళ్ళు పారే వాలును బట్టి గీశారు. ఆ రెండు గీతలూ ఎక్కడా ఒకదానికొకటి తగల్లేదు గానీ, మా ఊరిని ఎగువలో పడేయడంలో మాత్రం పూర్తిగా ఏకీభవించాయి.

మంత్రిగారు రెండు మ్యాపులూ ఓపిగ్గా చూశారు.

"శాస్త్రం బాగుందండీ. ఫలితమే బాగాలేదు."

"వాలు మన చేతిలో లేదు కదా సార్," అన్నారు ఇంజినీరుగారు.

"గీత ఉందిగా."

అప్పుడు మైకు కల్పించుకుని, ప్రజాస్వామ్యంలో నీళ్ళని అడగడం దేనికి, జనాన్నే అడుగుదామన్నాడు. అందరం జీపెక్కి దిగువ దిక్కుగా బయల్దేరాం.

మొదటి ఊళ్ళో మంగలి కత్తెర ఆపి, దిగువ అనేది వంతెన దాటాక మొదలవుతుందని, ఆ మనుషులతో వేగడం కష్టమని చెప్పాడు. వంతెన దాటాం. అక్కడి మిల్లు యజమాని నొచ్చుకున్నాడు. తమది నడిమి అనీ, దిగువ రైలుగేటు అవతల అనీ అన్నాడు. గేటు అవతల దర్జీ మెడలో టేపు సర్దుకుని, పక్క ఊరివాళ్ళ నడకా వాలకమూ చూస్తే దిగువవాళ్ళెవరో మీకే తెలుస్తుందన్నాడు. అలా ప్రతి ఊరూ పక్క ఊరిని చూపిస్తుంటే పోగా పోగా రోడ్డు అయిపోయింది. ఎదురుగా అడవి. చివరి ఇంటి అరుగు మీద కూర్చున్న ముసలావిడ దిగువ అంటే అదిగో అటని చెట్లలోకి చెయ్యి చూపించింది.

"అటు ఎవరుంటారమ్మా?" అని అడిగారు ప్రొఫెసరుగారు.

"ఎవరూ ఉండరు నాయనా."

దిగువ ప్రాంతంలో జనాభా లేదని ప్రొఫెసరుగారు నోట్ చేసుకున్నారు.

వెనక్కి తిరిగి ఎగువకి వెళ్ళాం. అక్కడా ఇదే వరస. ఎగువవాళ్ళకి పొగరనీ, వాళ్ళు ఇంకా పైన ఉంటారనీ ప్రతి ఊరివాళ్ళూ చెప్పారు. అన్నిటికన్నా పైనున్న గుట్ట మీద నీళ్ళ ట్యాంకు కాపలాదారు ఒక్కడే ఉన్నాడు. ఆ పొగరుబోతులు ఇక్కడికి రారండీ అన్నాడు.

మొత్తానికి రాష్ట్రమంతా నడిమేనని తేలింది. మంత్రిగారు ఆ పూట ఎంతో సంతోషించారు. టీ తాగాక దిగులు పడ్డారు. అందరూ నడిమి అయితే, అదే పదవి మీద కన్నేసిన గనుల మంత్రి కూడా నడిమే కదా. ఆ గనుల మంత్రిది, ఎవరినడిగినా కళ్ళు మూసుకుని నడిమి అని చెప్పే ఊరు.

ఆ శనివారం నా భార్య వచ్చింది. వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కథంతా విని, "ఎలాగూ గీసేది మీ మంత్రిగారేగా. ఆ గీతని మా ఆసుపత్రి దాకా కాస్త లాగమనకూడదూ?" అంది.

"అంత దూరం లాగితే వంకరగా ఉంటుందే."

"నేను వచ్చే రోడ్డు మాత్రం తిన్నగా ఉందా?"

ఆదివారం బస్సు కదిలినప్పుడు మా అమ్మాయి ఏడవలేదు. ఏడవడం మానేసి చాలాకాలమైంది. అది చూశాకే నాకు తెగింపు వచ్చింది.

సోమవారం మంత్రిగారు పెన్సిలు పట్టుకుని కూర్చున్నప్పుడు నా ఉద్యోగ జీవితంలో మొదటిసారి అడక్కుండా నోరు తెరిచాను. మన ఊరొక్కటే నడిమిలో కలిపితే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారనీ, సంబంధం లేని దిగువ ఊరు ఇంకొకటి కూడా కలిపితే నిష్పక్షపాతంగా ఉంటుందనీ మనవి చేశాను.

"ఏ ఊరు?"

"ఏదైనా ఫరవాలేదు సార్. మాటవరసకి ఆ పెద్దాసుపత్రి ఉన్న ఊరు."

మంత్రిగారు నాలో ఒక రాజనీతిజ్ఞుణ్ణి చూశారు. మ్యాపు తయారైంది. నడిమి ప్రాంతం చూడ్డానికి, నిద్రలో ఒక కాలు పక్క మంచం మీదికి చాపిన మనిషిలా ఉంది. గనుల మంత్రి ఊరి దగ్గరికొచ్చేసరికి గీత చుట్టూ గుండ్రంగా తిరిగి, ఆ ఊరిని ఎగువ కింద వదిలేసి మళ్ళీ తన దారిన పోయింది.

టౌన్‌హాల్లో బహిరంగ చర్చ పెట్టారు. గనుల మంత్రి లేచి, నాలుగు వైపులా నడిమి ఉంటే మధ్యలో నేనొక్కణ్ణీ ఎగువ ఎలా అవుతానని అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

"ఊరి మధ్యలో గుట్ట ఉండదా అండీ?" అన్నారు ప్రొఫెసరుగారు.

హాలంతా చప్పట్లతో మోగింది. చప్పట్లు ఎక్కడ పడాలో మైకు ముందే చెప్పి ఉంచాడు. గనుల మంత్రి, వీధికి అవతలి వైపు ఇల్లున్న తన తమ్ముడు ఇంకా నడిమిలోనే ఉన్నాడని ఏదో చెప్పబోయారు గానీ, అప్పటికి మైకు చేతిలో మైకు ఉంది.

ఉత్తర్వు వెలువడింది. మా ఊరి మొదట్లో 'నడిమి ప్రాంతానికి స్వాగతం' అని బోర్డు పెట్టారు. మంత్రిగారు రిబ్బను కత్తిరించి, ఇన్నాళ్ళూ మనల్ని ఎగువవాళ్ళని పిలిచి అవమానించారన్నారు. 'ఎగువ ముద్దుబిడ్డ' అని రాసిన పాత ఫ్లెక్సీని ఆ బోర్డు వెనకాల సభకి ఎండ తగలకుండా కట్టారు. ఆ వారంలోనే నా భార్యకి బదిలీ అయింది. ఒకే ప్రాంతంలో బదిలీ కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. ట్రంకుపెట్టెతో దిగింది. మా అమ్మాయి సోమవారం పొద్దున లేచి వంటింట్లోకి తొంగి చూసి, ఇంకా వెళ్ళలేదా అని అడిగింది. వెళ్ళనంది వాళ్ళమ్మ. అది నమ్మడానికి దానికి ఇంకో వారం పట్టింది.

అప్పుడు ముఖ్యమంత్రిగారు ఉపముఖ్యమంత్రి పేరు ప్రకటించారు. మూడు ప్రాంతాల వాళ్ళూ హద్దుల కోసం కొట్టుకుంటున్నారు కాబట్టి, రాష్ట్ర సమైక్యత దృష్ట్యా ఏ ప్రాంతానికీ చెందని మనిషిని ఎంపిక చేశామన్నారు. అలాంటి మనిషి దొరకడం కష్టమే. అదృష్టవశాత్తూ ముఖ్యమంత్రిగారి బావమరిది ఉన్నారు. జీవితమంతా ఓడల మీద ఉద్యోగం చేసి ఈ మధ్యనే నేల మీద కాలుపెట్టారు.

దాంతోపాటు ప్రాంతాల ఉత్తర్వు కూడా రద్దయింది. దాని ఆధారంగా జరిగిన బదిలీలన్నీ వెనక్కి తీసుకోవాలన్నారు. ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాను. అయితే నా భార్యని వెనక్కి పంపాలంటే ఏ ప్రాంతం నుంచి ఏ ప్రాంతానికి వచ్చిందో ముందు తేల్చాలి. ఆ సంగతి తేల్చే మొనగాడు సచివాలయంలో ఇంకా దొరకలేదు. మా ఇంట్లో తల్లీకూతుళ్ళు జడ విషయంలో రోజూ పోట్లాడుకుంటున్నారు. నేను ఎవరి పక్షమూ వహించడం లేదు.

మంత్రిగారి గురించి మీరు బెంగపడనక్కర్లేదు. కొత్త ఉపముఖ్యమంత్రిగారి సన్మాన సభకి అందరికన్నా ముందు వెళ్ళారు. నేలని ముక్కలు చేసి చూసే కురచబుద్ధిని ఖండిస్తూ గొప్పగా మాట్లాడారు. ఉపముఖ్యమంత్రిగారు అది విని కదిలిపోయి, సభ అయ్యాక మంత్రిగారి భుజం మీద చెయ్యి వేసి, మీది ఏ ప్రాంతమని ఆప్యాయంగా అడిగారు.

మాది చుట్టూ రాళ్ళగుట్టలున్న ఊరు. మంత్రిగారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"తీరప్రాంతం సార్," అన్నారు.