నాలుగో కాగితం

రుజువు లేని సంవత్సరాలను ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చన్న నిబంధన కింద, ఐసిల్డా ప్రెస్కాట్ జీవితంలోంచి 1965ను మార్చి నెలలో ఒక మంగళవారం పొద్దున తీసేశారు. దాంతోపాటు ఆ ఏడాది ఆమె చేతుల్లో పుట్టిన రెండు వందల పన్నెండు మందీ ఇంగ్లండులోని ఆ ఊళ్ళోంచి పోయారు. వాళ్ళలో ఇద్దరు బస్సు డ్రైవర్లు, ఒక హెడ్‌మిస్ట్రెస్, మాంసం కొట్టు యజమాని ఉన్నారు. కొట్టు ముందు జనం మధ్యాహ్నం దాకా ఓపిగ్గా వరసలో నిలబడి ఇళ్ళకు వెళ్ళిపోయారు. కుటుంబాలకు ఉత్తరాలు అందాయి: "దిగువ పేర్కొన్న వ్యక్తి జన్మించినట్లు పరిగణించబడదు. అసౌకర్యానికి చింతిస్తున్నాము." మర్యాదగల దేశం, చింతించడంలో ఎప్పుడూ లోటు చెయ్యదు.

ఐసిల్డా పంతొమ్మిదేళ్ళ వయసులో జమైకా నుంచి ఓడెక్కి వచ్చింది. నర్సులు కావాలి, రండి అని ఈ దేశమే పిలిచింది. పిలిస్తే వచ్చినవాళ్ళకు వేరే కాగితాలెందుకని అప్పట్లో ఎవరూ ఇవ్వలేదు, ఆమే అడగలేదు. నలభై రెండేళ్ళు కాన్పుల నర్సుగా చేసింది. డెబ్బై అయిదో ఏట ఒకే టపాలో రెండు ఉత్తరాలు వచ్చాయి. కరీబియన్ దీవుల నుంచి వచ్చి దేశాన్ని నిలబెట్టిన వారికి జూన్‌లో సన్మానమనీ, ఆమెకు పతకమిస్తామనీ మొదటిది చెప్పింది. ఇన్నేళ్ళూ ఇక్కడే ఉన్నట్టు ఏడాదికి నాలుగు కాగితాలు చూపించాలనీ, మూడేళ్ళకు రుజువు లేకపోతే విమానం ఎక్కించి పంపుతామనీ రెండోది చెప్పింది. పతకం మీద ఎన్నేళ్ళ సేవ అని చెక్కాలో, రెండో ఉత్తరం సంగతి తేలాక నిర్ణయిస్తారట.

1965 పోయిన రోజు ఆమె మోకాలు తడుముకుంది. ఆ ఏడాది మంచులో సైకిలు మీద కాన్పుకు వెళ్తూ పడ్డప్పటి మచ్చ అక్కడుండేది. ఇప్పుడు నున్నగా ఉంది. ఇక్కడేదో ఉండాలే అనుకుంది గానీ ఏమిటో గుర్తు రాలేదు. భయం కన్నా వింతే ఎక్కువై, రెండో మోకాలితో పోల్చి చూసుకుంది.

తర్వాత 1968 వంతు వచ్చింది. ఐసిల్డా చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుని, కాగితాలున్న బిస్కట్ల డబ్బా చంకన పెట్టుకుని రెండో ఉత్తరం పంపిన ఆఫీసుకు వెళ్ళింది. బల్ల అవతల నైజెల్ హార్‌గ్రీవ్స్ అనే అధికారి ఉన్నాడు. యాభై ఏళ్ళ నెమ్మదస్తుడు. పేరు చదివి, చెవి వెనక పుట్టుమచ్చ చూసి ఆమె ముందుకు వంగింది.

"మీ అమ్మ డోరీన్ కదూ? మెడలో పేగు మూడు చుట్లు వేసుకుని వచ్చావు నాయనా. నీలంగా అయిపోయావు. నేనే విప్పాను."

నైజెల్ చెయ్యి కాలరు మీదికి వెళ్ళింది. "జమైకా నర్సని అమ్మ చెబుతుండేది. మీరేనా మేడమ్?" నిజంగా సంతోషించాడు. ఆమెకు టీ తెప్పించాడు. జీతం చీటీ, హాస్టలు రసీదు, చర్చి పాటల బృందం ఫోటో ఒక్కొక్కటీ చూసి పక్కన పెట్టాడు. "మరి నాలుగోది?"

"నువ్వే."

అతను నిబంధనల పుస్తకం తీసి శ్రద్ధగానే వెతికాడు. ఆధారం ఏదైనా మడత పెట్టకుండా ఆఫీసు కవరులో పట్టాలి. కవరు తీసి భుజానికి ఆనించి చూసుకున్నాడు. పట్టేలా లేడు. సొరుగులోంచి తన జనన ధ్రువపత్రం తీశాడు. అందులో తల్లి పేరుంది, తండ్రి పేరుంది, రిజిస్ట్రారు సంతకముంది.

"నేను పుట్టినట్టు రుజువుంది మేడమ్. మీరున్నట్టే లేదు."

"మరి పేగు ఎవరు విప్పారు?"

నైజెల్ ఫారం రెండు వైపులా తిప్పి చూశాడు. "ఆ గడి ఫారంలో లేదు," అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఇక్కడే ఉంటానన్న మీ దరఖాస్తు వెనక్కి తీసుకోవచ్చు. అప్పుడు ఏళ్ళన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. మీరొక్కరే వెళ్ళిపోతారు," అన్నాడు.

"నేను చేసిందంతా ఉంచుకుని నన్ను పంపేస్తారు."

"అవును మేడమ్." ఇంత త్వరగా అర్థం చేసుకున్నందుకు అతనికి తేలికనిపించింది.

ఐసిల్డాకు ఒళ్ళు మండింది. "మిమ్మల్ని బయటికి లాగడం నా పని నాయనా. మళ్ళీ లోపలికి నెట్టడం నా పని కాదు. నేను వెళ్ళను. ఆ ముద్ర వెయ్యాలో వద్దో నువ్వే చూసుకో."

నైజెల్ గడియారం చూశాడు. నాలుగింటికి ఫైలు మూసెయ్యాలి. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఒక్క ఫైలు కూడా ఆలస్యం కానివ్వలేదు. కాలరు బొత్తాం పెట్టుకుని, కాగితం మీద ఒలకకుండా టీ కప్పు జరిపి, 1968 మీద 'తిరస్కరించడమైనది' అని ముద్ర వేశాడు.

కుర్చీ ఖాళీగా అటూ ఇటూ కొంచెం తిరిగి ఆగింది. ఎవరూ లేని బల్ల ముందు ఇంతసేపు ఎందుకు కూర్చున్నానా అని ఐసిల్డా ఆశ్చర్యపోయింది. వేళ్ళు మాత్రం ఒళ్ళో వాటంతటవే కదులుతున్నాయి, దేన్నో మూడు చుట్లు విప్పుతున్నట్టు. వాటికేమైందోనని వింతగా చూసుకుంది. కిటికీ అవతల ఆసుపత్రి గోడకు ఎవరో కొత్త పోస్టరు అతికిస్తున్నారు. నర్సులు కావాలి, రండి అని ఉంది.

పావుగంటకు ఇంకో అధికారిణి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. హేజెల్ విట్‌కోమ్ అని బిళ్ళ మీద ఉంది. "ఆలస్యమైంది, ఏమనుకోకండి మేడమ్. ఈమధ్య మాకు మనుషులు చాలడం లేదు. 1969 కదా? ఇది పోతే మూడు అవుతాయి, తెలుసుగా?"

"తెలుసు. నువ్వు ఎవరి చేతుల్లో పుట్టావమ్మా?"

"ఏమో మేడమ్. మా ఇంట్లో ఎప్పుడూ ఆ మాటే రాలేదు. ఎందుకు?"

"ఊరికే అడిగాను."

ఐసిల్డా డబ్బా తెరిచి మూడు కాగితాలు బల్ల మీద పరిచింది. హేజెల్ వాటిని చూసి, ముద్ర దగ్గరికి లాక్కుని, నాలుగోదాని కోసం ఎడమ చెయ్యి చాపింది. చిటికెన వేలు కొంచెం వంకర. ఆ చెయ్యి ఐసిల్డాకు బాగా గుర్తుంది. 1969లో ఒక వాన పొద్దున, తల కన్నా ముందు బయటికి వచ్చింది అదే.